ఉద్యోగవిరమణానంతరము దంపతుల సేవాధర్మము

(విశాఖపట్టణమున జరిగిన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

  

ఈ మహాసభలో నాలుగుమాటలు చెప్పుమని కార్యనిర్వాహకవర్గమువారు నన్ను కోరిరి. విద్యార్థి వసతిగృహములను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు నాకంటె సమర్థులు ప్రసంగింపనున్నారు. కావున మన సభలలో అంతగా చర్చకు రాని విషయ మొకటి యెన్నుకొంటిని. అది ఉద్యోగములు చాలించి యింటికి వచ్చిన దంపతుల విషయము. ఈ మందిరమున ముందువరుసలలో కూర్చున్నవారిలో పెక్కురు ఆ తరగతివారే యగుట నాకు ధైర్యము కలిగించుచున్నది. వారికి నా మాటలు రుచింపకున్నను, ఓపికతో వినుటకు తీరిక మాత్రము కలదు.

మన తాతముత్తాతలకు ఉద్యోగవిరమణ మను మాటయే తెలియదు. రైతు కాడి పట్టలేని నాడు గట్టున కూర్చుండి కావలి కాయును. అదియు చేతకాని నాడు అరుగుమీద కూర్చుండి, ఏ చేనికి ఏ విత్తనమో కొడుకులకు చెప్పును. కడపటి దినమువఱకు ఆతనికి పని యుండెను, ఆతని మాటకు విలువ యుండెను. ఈ పట్టణము ఆ స్థితిని మార్చినది. 1933లో రేవు తెఱవబడెను. 1941లో సింధియావారి నౌకానిర్మాణశాలకు బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపనము చేసిరి. 1948లో 'జల ఉష' యను నోడను నెహ్రూగారు నీటిలోనికి దింపిరి. 1957లో చమురుశుద్ధి కర్మాగారము వచ్చెను. ఉక్కు కర్మాగారముకొఱకు 1966లో ఆంధ్రదేశ మంతయు నుడికిపోయి ముప్పదియిద్దఱు ప్రాణములు కోల్పోయిన పిమ్మట, 1971 జనవరి 20న ఇందిరాగాంధిగారు దానికి పునాదిరాయి వేసిరి. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావుగారు దానిని జాతికి అంకిత మొనర్చిరి. పల్లెలు విడిచి వచ్చిన మనవారు ఈ సంస్థలలో చేరి, గంట మ్రోగినంతనే పనికి పోవుటకును, నెల తిరిగినంతనే జీతము తెచ్చుటకును అలవాటుపడిరి. ఇట్లు చేరినవారు అరువదియేండ్లు నిండగనే పూలదండతోను శాలువతోను ఇంటికి వచ్చుచున్నారు. దేహమున సత్తువ యున్నది, చేతిలో విద్య యున్నది, బ్యాంకులో కొంత ధనమును ఉన్నది. ఉదయము లేచి పోవలసిన చోటు మాత్రము లేదు.

అప్పుడు మనము చేయుచున్న దేమి? ఉదయమున సముద్రతీరమున నడచుట, పిదప వార్తాపత్రికను మొదటి పుటనుండి కడపటి పుటవఱకు చదువుట, పదింటికి మరల కాఫీ యడుగుట. కొందఱు అమెరికాలోనున్న పిల్లలకడకు పోయి ఆరేసి నెలలు నాలుగు గోడల నడుమ గడపి వచ్చుచున్నారు. ఇందు పాప మేమియు లేదు. కాని యొక్క సంగతి గమనింపుడు. విరమణము పురుషునకే వచ్చినది, ఇల్లాలికి రాలేదు. ముప్పదియైదేండ్లు తెల్లవారుజామున లేచి క్యారేజి కట్టిన యామె, ఇప్పుడు రోజంతయు ఇంటనేయుండు భర్తకు నాలుగుమారులు వడ్డించుచున్నది. ఆయన విశ్రాంతి ఆమెకు అదనపు పని యైనది. దీనికి మందొకటి కలదని మనవి చేయుటకే నేనిచ్చట నిలిచితిని. ఆ మందు ఇతరదేశమున ఎట్లు పనిచేసెనో మొదట వినిపించెదను.

అమెరికా ఉత్తరభాగమునను కెనడా దేశమునను శీతకాలము మిగుల కఠినము. మంచు మోకాటిలోతు పడును. అందుచే అచ్చటి వృద్ధదంపతులు వేలకొలది, చలి మొదలగుటతోడనే దక్షిణమునకు, అనగా ఫ్లోరిడా, టెక్సాస్, అరిజోనా రాష్ట్రములకు తరలిపోవుదురు. వీరిలో పలువురకు ఇంటిబండ్లు కలవు. వానిని అచ్చట 'ఆర్వీ' లందురు. మోటారుబండిపై చిన్న యిల్లు కట్టినట్లుండును: పడక, వంటపొయ్యి, నీటితొట్టి, స్నానపుగది అన్నియు అందే యమరియుండును. కొన్ని తామే నడచును. కొన్నింటిని మఱియొక బండికి తగిలించి లాగుదురు. దక్షిణమునకు చేరినవారిలో పెక్కుమంది యెండ కాచుకొందురు, చేపలు పట్టుదురు, పేకాడుదురు. కొందఱు మాత్రము బండి దిగి సుత్తి చేతబట్టి, ముక్కుమొగము తెలియని పేదవానికి ఇల్లు కట్టుదురు.

వీరు చేరు క్రైస్తవ ధర్మసంస్థపేరు 'హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ'. దానికి అనుబంధముగా ఇంటిబండ్లవారికొఱకే 1988లో ఒక విభాగ మేర్పడెను. దానికి 'కేర్-ఎ-వేనర్స్' అని పేరు. పద్ధతి మిక్కిలి సులభము. ఏ యూర నిండ్లు కట్టవలెనో ఆ యూరి శాఖవారు తెలుపుదురు. కొన్ని జంటలు తమ బండ్లతో అచ్చటికి పోయి రమారమి రెండువారములుందురు. తమ యింధనము తమదే, తమ తిండి తమదే. బండి నిలుపుకొన స్థలమును, నీటికిని విద్యుత్తుకును వసతియు శాఖవారు చూపుదురు. ముందుగా పని తెలిసియుండ నక్కఱలేదు. తెలిసినవారు తెలియనివారికి నేర్పుదురు. భర్త పలకలు కోయుచుండ భార్య కప్పుపై కెక్కి మేకులు కొట్టుట అచ్చట వింత గాదు. పని ముగిసినతోడనే మఱియొక యూరికి సాగిపోవుదురు. ఆ యింట వారిపేరు చెక్కిన రాయి యుండదు.

ఈ సంస్థ పుట్టుక వినదగినది. జార్జియా రాష్ట్రమున అమెరికస్ అను చిన్నపట్టణమున్నది. దాని చేరువను 1942లో క్లారెన్సు జోర్డను అను బోధకుడును ఆతని మిత్రులును 'కోయినోనియా' యను పొలము నెలకొల్పిరి. తెల్లవారును నల్లవారును అచ్చట ఒక్కబల్లవద్ద భుజించిరి. ఆ కాలమున ఆ ప్రాంతమున అంతకంటె మించిన నేరము లేదు. ఇరుగుపొరుగువారు వారికి సరకులమ్మలేదు, వారి సరకులు కొనలేదు, తుపాకులు సైతము పేల్చిరి. వారు చలింపలేదు. అలబామా రాష్ట్రమున మిల్లర్డ్ ఫుల్లర్ అను న్యాయవాది వర్తకమున ముప్పదియేండ్లు నిండకమునుపే లక్షాధికారి యయ్యెను. ఆతనికి ధనార్జనయందే తప్ప ఇంట తీరిక లేకుండుటచే, భార్య లిండా 1965లో ఇల్లు విడిచిపోయెను. ఆతడు వెంటబోయి ఆమెను కలిసికొనెను. ఇరువురును ఆలోచించుకొని, ఆస్తియంతయు అమ్మి దానము చేసి, క్రొత్తగా జీవితము ప్రారంభించిరి. కోయినోనియాయందు జోర్డనుతో కలిసి పేదలకు ఇండ్లు కట్టు ఉపాయమును ఆలోచించిరి. జోర్డను 1969లో మరణించెను. ఫుల్లరు దంపతులు 1973 మొదలు మూడేండ్లు ఆఫ్రికాలో జైరు దేశమున అదే పని చేసి, తిరిగివచ్చి 1976లో ఈ సంస్థను స్థాపించిరి. విడిపోబోయిన ఆలుమగలు ఇతరుల కిల్లు కట్టబూని తమ యిల్లు నిలుపుకొనిరని చెప్పవచ్చును.

వారు పెట్టుకొన్న నియమములు మూడు. ఇల్లు ఊరక ఇయ్యరాదు. పుచ్చుకొనువాడు భిక్షకుడు గారాదు. లాభము వేసికొనరాదు, వడ్డీయు గొనరాదు. పేదవాని కప్పిచ్చినచో వడ్డీ గొనరాదని బైబిలులో నిర్గమకాండమున ఒక ఆజ్ఞ కలదు. దానినే వారు పునాదిగా గైకొనిరి. మూడవది, ఇల్లు పొందు కుటుంబము తన యింటికొఱకును ఇతరుల యిండ్లకొఱకును వందలగంటలు తానును పనిచేయవలెను. దానిని 'చెమట పెట్టుబడి' యందురు. వాయిదాలలో తిరిగివచ్చు సొమ్ముతో మఱియొకరి యిల్లు లేచును. ఒకసారి వేసిన విత్తనము పలుమారులు పండుట యనిన నిదియే.

ఈ పనికి లోకమంతట పేరు తెచ్చినవారు మఱియొక విశ్రాంత దంపతులు, అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టరుగారును రోజలిన్ కార్టరుగారును. 1980 ఎన్నికలలో ఓడి ఇంటికి వచ్చునప్పటికి ఆయనకు ఏబదియారేండ్లు. వారి గ్రామము ప్లెయిన్సు ఈ అమెరికస్ పట్టణమునకు చేరువనే యున్నది. 1984లో వారు సామాన్యులతో కలిసి బస్సెక్కి న్యూయార్కునకు పోయి, పందొమ్మిది కుటుంబములకొఱకు శిథిలభవన మొకటి బాగుచేసిరి. అది మొదలు ముప్పదియైదేండ్లు ఏటేట ఒకచోట ఇండ్లు కట్టిరి. 2019 అక్టోబరులో, తొంబదియైదేండ్ల వయస్సున, కార్టరుగారు ఇంట జారిపడగా కనుబొమపై పదునాలుగు కుట్లు పడెను. ఆ దినమే బయలుదేరి నాష్‌విల్ నగరమునకు పోయి, మఱునాడు పనిలో నిలిచిరి. రోజలిన్‌గారు 2023లోను, ఆయన నూఱేండ్ల వయస్సున 2024 డిసెంబరులోను పరమపదించిరి.

మనదేశముతో ఈ కథకు సంబంధమేమని తాము ప్రశ్నింపవచ్చును. సంబంధము దగ్గఱిదే. ఆ సంస్థ మనదేశమున 1983లో పని ప్రారంభించినది మన తెలుగునాటనే, ఖమ్మమున. 2006లో కార్టరు దంపతులు మహారాష్ట్రమున లోనావలా సమీపమున నున్న మాలవలీ గ్రామమునకు వచ్చి, వేలకొలది స్వచ్ఛందసేవకులతో నూఱిండ్ల నిర్మాణమున పాల్గొనిరి. అంతకు నలుబదియేండ్లకు ముందే, 1966లో, కార్టరుగారి తల్లి లిలియనుగారు అరువదియెనిమిదేండ్ల వయస్సున, వితంతువై, మనుమలను ఇంట విడిచి మనదేశమునకు వచ్చి, బొంబాయి చేరువను విఖ్రోలియందు రమారమి రెండేండ్లు నర్సుగా రోగులకు పరిచర్య చేసెను. అరువదియెనిమిదవ యేట మనలో నొక ముసలమ్మ అట్లు బయలుదేరినచో, మొదట ఆపువారము మనమే.

ఇక ఆక్షేపణలు. ఇట్టి సభలో నాలుగు వినవచ్చునని యెఱుగుదును.

మొదటిది: ఇది యన్యమతస్థుల పని, మనకేల? విశాఖపట్టణమువారు ఈ ప్రశ్న వేయుట తగదు. లండను మిషను సొసయిటీవారు జార్జి క్రాను, ఆగస్టసు డెగ్రాంజి అను నిద్దఱు 1805లో ఈ పట్టణమునకు వచ్చి తెలుగు నేర్చి, పాఠశాల పెట్టి, అయిదారేండ్లలోనే మరణించిరి. వారు వచ్చినది స్వమతబోధకే; దానిని దాచనక్కఱలేదు. ఆ తరువాత వచ్చిన క్రైస్తవ సోదరీమణుల విద్యాలయములలో మన యాడుబిడ్డలు చదువుకొనిరి. సెంటు జోసెఫ్ మహిళా కళాశాల 1958 మొదలు నేటికిని నడచుచున్నది. వేలూరు క్రైస్తవ వైద్యాలయమునకు ఈ పట్టణమునుండి దక్షిణపు రైలెక్కి పోవువారిలో మనవారెందఱు లేరు? సాయము పొందుటకు అడ్డురాని మతము సాయము చేయుటకు అడ్డురాదు. ఇష్టము లేనివారికి ప్రేమసమాజ మున్నది, రామకృష్ణాశ్రమ మున్నది. చేయి చాచిన చోటికి పోవుటయే ప్రధానము.

రెండవది: మనకు దానధర్మములు లేవా? కలవు, సత్రములు, చెఱువులు, చలివేంద్రములు మన పెద్దల కీర్తులే. లంకలగన్నవరమున డొక్కా సీతమ్మగారు భర్త జోగన్నగారితో కలిసి, గోదావరి దాటి వచ్చిన ప్రతివానికి వేళ యనక, కుల మనక, స్వహస్తములతో వండి పెట్టిరి. 1909లో ఆమె గతించినను ఆ పేరు గతింపలేదు. 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపినప్పుడు, వంటవారును నీళ్ళవారును వెలివేసి పోగా, రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీరు మోసి తెచ్చి వంట చేసిరి. ఆ యమ్మలు చందా వ్రాయలేదు, చేయి పెట్టిరి. మనము నేడు చందా వ్రాసి, చలువరాతిమీద పేరు చెక్కించుకొని, అంతటితో ధర్మము తీఱినదని తలచుచున్నాము. చందా వలదని నేననను. అది లేనిదే ఈ సంఘము నడువదు. కాని చందాకు రసీదు దొరకును, చెమటకు రసీదు లేదు; అందుచే రెండవది మనకు కష్టముగా నున్నది.

మూడవది: తట్ట మోయుట, సిమెంటు కలుపుట మన గౌరవమునకు తగునా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ పట్టణమును ముంచినప్పుడు ఆ గౌరవమెక్కడ నున్నది? వీధివీధిన చెట్లు కూలెను, దీపములు లేవు, నీరు లేదు. అధికారులును గుమాస్తాలును కూలీలును ఒకే కొమ్మను చెఱియొకవైపున పట్టి లాగిరి. పని చేసినందుకు ఎవరి మర్యాదయు తగ్గలేదు. విపత్తున తగిన పని సుఖకాలమున తగకపోవుట ఏ శాస్త్రము?

నాలుగవది మిక్కిలి ముఖ్యమైనది. మన కులమువారికే చేయవలసినది కొండంత యుండగా పరులకు చేయనేల? ఈ సంఘము పుట్టినది మనవారి నుద్ధరించుటకే. ఆ ఋణము నేను మఱువలేదు. వసతిగృహములు లేనిచో మన పల్లెపిల్లలు పట్టణమున చదువుకొనలేకపోవుదురు. అయినను ఉక్కు కర్మాగారము లేచిన నేల యెవరిదో యొకసారి తలచుకొనుడు. ఎన్నో గ్రామములవారు పొలములను, తోటలను, పుట్టిన యిండ్లను విడిచి అగనంపూడి, వడ్లపూడి, పెదగంట్యాడ పునరావాస కాలనీలకు తరలిపోయిరి. వారిలో ఉద్యోగము దొరకినవారు కొందఱు, దొరకనివారు పెక్కురు. ఆ కర్మాగారమున జీతము తిని, ఆ జీతముతో ఇల్లు కట్టుకొన్న వారము ఈ మందిరమున ఎందఱ మున్నామో యెవరికి వారే లెక్కించుకొనవచ్చును. ఇల్లు విడిచినవానికి ఇల్లు నిలుపుట పరోపకార మనిపించుకొనునా? బాకీ తీర్చుట యనిపించుకొనును. ఆ బాకీకి కులము లేదు. ఒక్కబల్లవద్ద భుజించినందుకు తుపాకిదెబ్బలకు గురియైన వారి పొలమునుండియే ఆ గృహనిర్మాణ సంస్థ మొలిచినదను సంగతి మన కులసంఘములన్నిటికి ఆలోచనీయము.

కావున ఈ మహాసభవారికి నా ప్రార్థనలు కొన్ని గలవు.

మనకు ఇంటిబండ్లు లేవు; అక్కఱయు లేదు. రైలున్నది, బస్సున్నది. మన సంఘకార్యాలయమున ఒక పుస్తకము తెఱచి, ఉద్యోగము చాలించిన దంపతుల పేరులను, వారికి తెలిసిన విద్యలను వ్రాయింపవలెను. రేవులోను, నౌకాశాలలోను, ఉక్కు కర్మాగారములోను పనిచేసిన మనవారిలో వెల్డర్లు, ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, లెక్కలు వ్రాయువారు కలరు. స్త్రీలలో ఉపాధ్యాయినులు, నర్సులు, కుట్టుపని యెఱిగినవారు, నూఱుమందికి వండగల యన్నపూర్ణలు కలరు. ఏటికి రెండువారములు, అయిదాఱు జంటలు ఒక గుంపుగా, ఏ యనాథశరణాలయమునకో, ఏ ప్రభుత్వ వసతిగృహమునకో, ఏ పునరావాస కాలనీకో పోయి, కప్పు కారుచున్నచో కప్పు, దీపము వెలుగనిచో దీపము, చదువు సాగనిచో చదువు బాగుచేసి రావలెను. దారిఖర్చు, తిండిఖర్చు ఎవరిది వారే పెట్టుకొనవలెను.

పోవువారు రెండు సంగతులు మనసున నుంచుకొనవలెను. మొదటిది, అచ్చటివారిని ముందుగా అడిగి, వారు కావలెనన్న పనియే చేయవలెను. మనకు వచ్చిన పని యని వారికి అక్కఱలేనిది కట్టిపెట్టరాదు. రెండవది, నిన్నటివఱకు వందమందిపై అధికారము చేసినవాడైనను అచ్చట మేస్త్రి చెప్పినట్లు వినవలెను. ఇది సిమెంటు మోయుటకంటె కష్టము. ముందుగా అభ్యాసము చేయుడు. రక్తపుపోటు, మధుమేహము కలవారు వైద్యుని యనుమతి గొని, నీడపట్టున చేయు పనులు కోరుకొనవలెను. చేయవలసిన పని అందఱికిని సరిపడినంత కలదు.

అన్నిటికంటె ముఖ్యముగా, జంటగా పొండు. వంట వంతులవారీగా చేయుడు. ఇరువురును ఒకే పనికి ఒకే సమయమున బయలుదేరి, ఒకే యలసటతో తిరిగివచ్చినచో, అరువదియేండ్లకు మొదటిసారిగా భార్యకును ఉద్యోగవిరమణ లభించును. సహధర్మచారిణి యను మాటకు పెండ్లిపీటలమీద చెప్పిన యర్థము అప్పుడు సార్థకమగును. మన పూర్వులు వానప్రస్థమును ఏర్పఱచినప్పుడు భార్యను వెంటగొని పోవచ్చుననిరి. నేడు అడవి దూరమైనది. చేయవలసిన పని మాత్రము వీధి చివరనే యున్నది.

తుదకొక్క మనవి. ఈ సంచికలో చందాదారుల పట్టిక యున్నది, వారందఱు వందనీయులు. రాబోవు సంవత్సరపు సంచికలో దాని ప్రక్కనే మఱియొక పట్టిక చూడగోరుచున్నాను. అందు పేరులు అక్కఱలేదు. ఇన్ని జంటలు పోయినవి, ఇన్ని దినములు పనిచేసినవి, ఇన్ని కప్పులు వేసినవి, ఇంతమంది పిల్లలకు చదువు చెప్పినవి యను అంకెలు చాలును. ఆ పుట ఖాళీగా నుండునో నిండునో ముందువరుసలలోని పెద్దల చేతిలో నున్నది.